దొంగ జ్వరం

మొన్నామధ్య హాస్టలు వార్డెన్లకి ఏదో ట్రైనింగు పెట్టి, నన్ను వచ్చి క్రమశిక్షణ గురించి అరగంట మాట్లాడమన్నారు. ఫోన్ చేసిన పిల్ల మర్యాదస్తురాలే. "మీ అనుభవం మాకు కావాలి మేడమ్" అంది. "నా అనుభవం నాకే ఇంకా అరగలేదమ్మా, మీకెక్కడ వడ్డించను" అన్నాను. జోకనుకుని నవ్వేసింది. నేను వెళ్లలేదు. మైకు ముందు నిలబడి చెప్పే సంగతి కాదది. కాగితం మీదైతే మధ్యలో ఆగొచ్చు, లేచి మంచినీళ్లు తాగి రావచ్చు, ఎవరూ చూడరు. అందుకని రాస్తున్నాను. ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చిన అమ్మాయిలూ, ఇది మీకోసమే. నన్ను తిట్టుకుంటూ చదివినా ఫర్వాలేదు.

మాది భీమునిపట్నం. పెళ్లయిన నాలుగేళ్లకే మా ఆయన పోయారు. పిల్లల్లేరు, చదువు సగంలో ఆగింది, అన్నయ్య ఇంట్లో వదిన మొహం చూస్తూ ఎన్నాళ్లుంటాను? మా చర్చి పాస్టరుగారు విశాఖపట్నంలో ఒక ఆడపిల్లల బోర్డింగులో మేట్రను ఉద్యోగం ఖాళీ ఉందని చెప్పి, "వందమందికి తల్లివవుతావు, వెళ్లమ్మా" అని ఆశీర్వదించి బస్సెక్కించారు. అది డెబ్బైల్లో మాట. తల్లినెక్కడయ్యాను, పోలీసునయ్యాను.

బోర్డింగు స్కూలంటే ఇప్పటివాళ్లకి ఏసీ గదులూ, గుర్రపుస్వారీలూ గుర్తొస్తాయి కాబోలు. మాది పాతపట్నంలో కొండవాలున రెండు పొడుగాటి హాళ్లు. గోడ పొడుగునా రేకుపెట్టెలు, పెట్టెకెదురుగా చాప. ఆ పెట్టె, ఆ చాప, ఒక సత్తుకంచం, ఒక గ్లాసు, అంతవరకే ఎవరి ఇల్లయినా. కింద హార్బరు. గాలి అటునుంచి కొడితే కిటికీ గూళ్లలోకీ, ఆరేసిన లంగాల మీదకీ ఓడలకెక్కించే ఇనపరాయి ధూళి వచ్చి ఎర్రగా పేరుకునేది. తెల్లారి అయిదింటికి గంట. ప్రార్థన, నీళ్ల లైను, ఊడ్చే వంతు, తుడిచే వంతు, చదువు గంట. ఎనిమిదింటికి గోధుమనూక ఉప్మా. అది ఉప్మా అని మేమనుకోవడమే. మధ్యాహ్నం అన్నం, పప్పు. రాత్రి అన్నం, చారు. శనివారం తలలకి పేలదువ్వెన. ఆదివారం జంటలు జంటలుగా చేతులు పట్టుకుని చర్చికి నడక. పోర్టులో మూటలు మోసేవాళ్ల పిల్లలు, యారాడ నుంచి వచ్చిన చేపలవాళ్ల పిల్లలు, ఎలమంచిలి పక్క కూలీల పిల్లలు, నర్సులమ్మల పిల్లలు, అందరూ ఉండేవారు. కొందరు క్రైస్తవులు, కొందరు హిందువులు. ఆకలి దగ్గరా పేల దగ్గరా అందరూ ఒకటే.

ప్రతి చిన్నపిల్లనీ ఒక పెద్దపిల్లకి అప్పగించడం మా బోర్డింగు ఆచారం. ఆ పెద్దపిల్లని 'పెద్దక్క' అనేవాళ్లం. జడ వెయ్యడం, లంగా ఉతకడం నేర్పడం, ఏడిస్తే ఊరుకోబెట్టడం పెద్దక్క పని. తల్లిదండ్రులు చూడ్డానికి రావలసింది నెలకొక్కసారి, రెండో ఆదివారం. మిగతా రోజుల్లో గేటు దగ్గరికి వచ్చినా వెనక్కి పంపేసేవాళ్లం. తల్లిని చూసిన పిల్ల మూడురోజులు తిండి తినదు, చూడకపోతే అలవాటు పడుతుంది అనేవారు మా సూపరింటెండెంటుగారు. ఆవిడ చెడ్డమనిషి కాదు. నేను కూడా అలాగే అనుకునేదాన్ని.

ఒక్క వెసులుబాటుండేది. ఎవరికైనా జ్వరం మూడురోజులు దాటితే ఇంటికి కబురు పెట్టాలి. ఈ రూలు పిల్లలకి బైబిలు వాక్యాలకన్నా బాగా వచ్చు. ఇంకేముంది, జూన్‌లో కొత్తపిల్లలు చేరడం, జూలైకల్లా ఇంటిమీద బెంగ, ఆగస్టుకల్లా జ్వరాలు! థర్మామీటరు వేడి టీలో ముంచేవాళ్లు, దుప్పటికేసి రుద్దేవాళ్లు. అన్నిటికన్నా గొప్ప విద్య ఉల్లిపాయ. రాత్రి చంకలో ఉల్లిపాయ పెట్టుకుని పడుకుంటే తెల్లారికి ఒళ్లు కాలుతుందని ఏ మహాతల్లి కనిపెట్టిందోగాని, మా వంటగదిలో ఉల్లిపాయలు నిలవుండేవి కావు. మా వంటమనిషి నెత్తీనోరూ కొట్టుకునేది. "కూరలోకే సాలక నాను సత్తంటే, ఈ గుంటలు సంకల్లో ఎట్టుకుంతన్నారమ్మా! ఎక్కడినుంచి తెమ్మంతారు?" అనేది. యాభై దాటిన మనిషి, యారాడ నుంచి వచ్చి మా వంటింట్లోనే ముసలిదయిపోయింది.

దొంగజ్వరాలు పట్టడంలో నాకు పేరొచ్చేసింది. ఎవరైనా మూలిగితే ముందు వాసన చూసేదాన్ని, తరవాతే నుదురు ముట్టుకునేదాన్ని. నేను హాల్లో అడుగుపెడితే చాలు, ఏ పాపమూ ఎరగని పిల్లలు కూడా చంకలు తడుముకునేవాళ్లు. నాకది సరదాగా ఉండేది. సూపరింటెండెంటుగారు వేరే బోర్డింగువాళ్లకి నన్ను చూపించి, "మా మేట్రనుగారి దగ్గర పప్పులుడకవు" అనేవారు. నేను ఉబ్బిపోయేదాన్ని.

ఆ ఉబ్బులోనే ఒక శిక్ష కనిపెట్టాను. పట్టుబడిన పిల్ల మెడలో ఉల్లిపాయల దండ. అయిదారు ఉల్లిపాయలు దబ్బనంతో పురికొసకి గుచ్చి, పొద్దుటినుంచి సాయంత్రం ప్రార్థనదాకా వేసుకు తిరగాలి. భోజనాల వేళ గుమ్మం దగ్గర నిలబడాలి. కొట్టడం లేదు, తిట్టడం లేదు, నవ్వుతో పోయేదానికి బెత్తమెందుకు అని నేనే నా తెలివికి మురిసిపోయాను. వంటమనిషి ఒక్కర్తే ఒకసారి అడ్డుపడింది.

"తిండివస్తువు కదమ్మా. పిల్లదాని మెడలో ఏటది, దిష్టిబొమ్మకేసినట్టు?"

"నీ పని నువ్వు చూసుకో" అన్నాను.

చూసుకుంది.

ఎనభైల మొదట్లో ఒక జూన్‌లో ఆరోక్లాసులోకి ఒక పిల్ల వచ్చింది. పదేళ్లుంటాయి. వాళ్ల ఊరు స్టీలు ఫ్యాక్టరీ కోసం తీసేసుకున్న ఊళ్లలో ఒకటి. భూమి పోయింది, వచ్చిన డబ్బు ఎటుపోయిందో వాళ్లకే తెలీదు. తల్లీతండ్రీ అక్కడే కాంట్రాక్టరు దగ్గర కూలికి కుదిరారు. తమ జీడితోట ఉన్నచోటే సిమెంటు తట్టలు మోసేవారన్నమాట. రేకులషెడ్లలో కాపురం, చుట్టూ లారీలూ, క్రేన్లూ, గోతులూ. చుట్టుపక్కల బడి లేదు. చెల్లెలు చంటిది కాబట్టి తల్లి కొంగుపట్టుకు తిరుగుతుంది, దీన్నేం చెయ్యాలి? ఎవరో చెబితే మా దగ్గరికి తీసుకొచ్చారు. తల్లి నా చేతులు పట్టుకుని, "గుంటది వాగుడుకాయ అమ్మగోరూ, మాటలెక్కువ. మనసు మంచిదే" అంది.

వాగుడుకాయే! వచ్చిన వారంలోనే బోర్డింగులో అందరినీ అనుకరించడం మొదలెట్టింది. హార్బరులో ఓడ కూత వేస్తే వెంటనే అదే కూత ఈవిడగారి గొంతులోంచి వచ్చేది. సూపరింటెండెంటుగారి దగ్గు, నా నడక, వంటమనిషి తిట్లు, అన్నీ చేసి చూపించేది. నన్ను చేస్తుండగా ఒకసారి వెనకనుంచి వెళ్లి నిలబడ్డాను. పిల్లలందరూ బిగుసుకుపోయారు. అది వెనక్కి తిరిగి నన్ను చూసి, "మీరు నాలాగ నడుత్తన్నారండి" అంది. నవ్వాపుకోలేక పక్కకి వెళ్లిపోయాను. నాకు ఆ పిల్లంటే ఇష్టమే. ఇది కూడా రాయాలి కదా.

దాని పెద్దక్క పదోక్లాసు పిల్ల, ఎలమంచిలి దగ్గరినుంచి వచ్చింది. నెమ్మదస్తురాలు. ఇద్దరికీ భలే కలిసింది. దీని మాటలకి అది నవ్వేది, దాని నవ్వు కోసం ఇది మాట్లాడేది.

ఆగస్టులో ఒక రెండో ఆదివారం తల్లి రాలేదు. సైటులో ఆదివారం కూడా పని పెట్టారట. పిల్ల సాయంత్రందాకా గేటు దగ్గరే కూచుంది. మూడోనాడు పొద్దున్న మూలుగు. వెళ్లాను, వంగాను, వాసన! జాకెట్టులో చెయ్యిపెడితే నిమ్మకాయంత ఉల్లిపాయ. హాలు హాలంతా గొల్లుమంది. అది కూడా నవ్వింది, దొరికిపోయిన దొంగ నవ్వు. దండ వేశాను.

పొద్దున్న దండతోనే నాట్యం చేసి అందర్నీ నవ్వించింది. మధ్యాహ్నం భోజనాల దగ్గర గుమ్మంలో నిలబెట్టాక, లోపలికి వెళ్లే ప్రతిపిల్లా ముక్కు మూసుకుని "దొంగజొరం, దొంగజొరం" అంటూ వెళ్లారు. నూటికిపైగా పిల్లలు. సగంమంది వెళ్లేసరికి దాని నవ్వు పోయింది. సాయంత్రం పెద్దక్క నా గదికి వచ్చి, "తీసెయ్యమంతారా అమ్మగారూ? మెడ ఒరుసుకుపోనాది" అంది. ప్రార్థన కాకుండా తీయడానికి వీల్లేదన్నాను. రూలంటే రూలే. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు.

తరవాత ఆ పిల్ల మారింది. ఓడ కూతలు లేవు, నా నడక లేదు. వంతు పని చేసుకునేది, పుస్తకం పట్టుకునేది. తల్లిదండ్రులకి మూడునెలలకోసారి మేం ఒక కార్డు రాసేవాళ్లం. దాని కార్డు మీద 'ప్రవర్తన చాలా మెరుగుపడింది' అని రాశాను. నా చేత్తోనే రాశాను, కింద గీత కూడా గీశాను.

నవంబరులో వానలు. కొండమీదినుంచి నీళ్లు బురదతో కలిసి మా నూతిలోకి దిగాయి. బ్లీచింగు వేయించాం, సరిపోలేదు కాబోలు. ఆ పిల్లకి జ్వరం ఎప్పుడు మొదలైందో నాకు తెలీదు. తెలీదు అన్న ముక్క రాయడానికి ఎంత సిగ్గుగా ఉందో మీకు చెప్పలేను. నాది రోజుకి రెండుసార్లు హాజరుపట్టీతో ప్రతి పిల్ల ముందునుంచీ నడిచే ఉద్యోగం. రోజుకి రెండుసార్లు ఆ జ్వరం ముందునుంచి నడిచాను.

డిసెంబరులో ఒక శుక్రవారం పొద్దున్న నీళ్లతొట్టి దగ్గర గోల వినిపించింది. వెళ్లేసరికి ఆ పిల్ల తడినేలమీద మోకాళ్లు పొట్టలోకి ముడుచుకుని పడుంది. చుట్టూ ముప్పైనలభైమంది. ఆ శనివారం మాకు లెక్కల పరీక్ష ఉంది. పరీక్ష ముందురోజు కడుపునొప్పులు నాకు కొత్తా?

"లే. నా దగ్గరా నీ నాటకాలు?" అన్నాను.

అమ్మాయిలూ, ఈ మాట నేనన్నాను. అందరి ముందూ అన్నాను. కొందరు కిసుక్కున నవ్వారు కూడా, నేను నవ్వమన్నాననుకుని.

ఆ పిల్ల కళ్లు తెరిచింది. లేవమన్నానని లేవబోయింది, చేతకాలేదు. అప్పుడేం చేసిందంటే, ఎడమచెయ్యి మెల్లిగా పైకెత్తింది. నాకు చంక చూపించింది.

"ఉల్లిపాయ నేదండి. సూసుకోండి" అంది.

వంటమనిషి ఎప్పుడొచ్చిందో, నన్ను పక్కకి తోసి కూచుని దాని ఒంటిమీద చెయ్యేసింది. "ఓలమ్మో, కాలిపోతంది! పొట్ట సూడండమ్మా, సెక్కలాగుంది!" అని అరిచింది. నేను ముట్టుకున్నాను. నిజంగానే చెక్క. అప్పుడు చూశాను దాని మొహం. బుగ్గలు పీక్కుపోయి, పెదాలు పగిలి, కళ్లు గుంటల్లోకి వెళ్లిపోయి... ఇదంతా ఒక్కరోజులో అయ్యేది కాదు. నేను ఆ మొహాన్ని చూడటం అదే మొదలు.

రిక్షాలో పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం. నా ఒళ్లో పిల్ల, పక్కన పెద్దక్క, ఎత్తు వచ్చినప్పుడల్లా వెనకనుంచి తోస్తూ మా వాచ్‌మన్. దారిపొడుగునా ఆ పిల్ల మూలగలేదు. మూలిగితే నాకు కోపం వస్తుందని ఆపుకుంటోందని నాకర్థమైంది. "ఏడువమ్మా, ఫర్వాలేదు, గట్టిగా ఏడువు" అన్నాను. ఏడవలేదు. నా మాట నమ్మలేదు. ఎందుకు నమ్ముతుంది?

డ్యూటీ డాక్టరు పొట్ట నొక్కి చూసి, నావైపు తిరిగి, "ఎన్నాళ్లనుంచి జ్వరం?" అని అడిగాడు.

"ఇవాళే అండీ" అన్నాను.

"పన్నెండు రోజులండి" అంది నా వెనకనుంచి పెద్దక్క.

డాక్టరు ఒకసారి పెద్దక్కని, ఒకసారి నన్ను చూశాడు. టైఫాయిడ్ ముదిరి పేగుకి చిల్లు పడిందన్నారు. ఆపరేషను అన్నారు, ఆశ పెట్టుకోవద్దన్నారు. తల్లిదండ్రుల కోసం వాచ్‌మన్‌ని అక్కణ్నుంచే బస్సెక్కించాం.

ఆపరేషను జరుగుతున్నంతసేపూ వరండాలో బల్లమీద నేనూ పెద్దక్కా కూచున్నాం. నాకు కోపం తన్నుకొచ్చింది. ఎవరిమీదో తెలీదు, ఎదురుగా అదే ఉంది.

"పన్నెండురోజులు! పెద్దక్కవి కదే నువ్వు! నాకొక్క ముక్క చెప్పడానికి నోరు పడిపోయిందా?" అన్నాను.

"సెప్తానన్నానండి. అదే వద్దంది. సెప్తే మీరు మల్లీ దండేసేత్తారని బయిపడ్డాదండి. రెండో ఆదివారం అమ్మొత్తాది, అమ్మకి సెప్తాను, అంతదాకా ఓర్సుకుంటానంది."

ఒక్కొక్కటే చెప్పింది. హాజరు ముందు చిన్నది తొట్టిలో తలముంచి మొహమూ మెడా చల్లారబెట్టుకునేదట. దాని ఊడ్చే వంతు ఈ పెద్దక్కే ఊడ్చేది. దాని ఉప్మా ఇది తినేసేది, కంచంలో మిగిలితే నేను అడుగుతానని. నీళ్ల లైనులో పడిపోకుండా వెనకనుంచి జడ పట్టుకుని నిలబెట్టేది. వారానికోసారి పిల్లల్ని చూసే నర్సమ్మ వచ్చిన రోజున ఇద్దరూ బట్టలారేసే చోట దుప్పట్ల వెనక దాక్కున్నారు. పదిహేనేళ్ల పిల్ల చెయ్యగలిగిన సేవంతా చేసింది. మందు తప్ప అన్నీ పెట్టింది.

"రెండో ఆదివారం ఎల్లుండేనండి" అంది చివరికి. అంత సన్నగా అంది, నాకు గానీ, తనకి గానీ వినపడకూడదన్నట్టు.

ఆ ఫ్యాక్టరీ సైటు అంటే మాటలా, మైళ్లకి మైళ్లు. ఏ కాంట్రాక్టరు దగ్గర ఏ షెడ్డో కనుక్కునేసరికి వాచ్‌మన్‌కి పొద్దుపోయింది. తల్లీతండ్రీ శనివారం పొద్దున్న ఏడింటికి వచ్చారు. తల్లి ఒంటిమీద సిమెంటు ఇంకా అలాగే ఉంది. పిల్లకి స్పృహ లేదు. తల్లి దాని పాదాలదగ్గర కూచుని అరికాళ్లు రాస్తూనే ఉంది. పదకొండింటికి పిల్ల పోయింది. తల్లికి ఆ సంగతి తెలిసినా చాలాసేపు రాయడం మానలేదు.

ఆ మధ్యాహ్నమే బోర్డింగులో పిల్లలందర్నీ వరసగా నిలబెట్టి నర్సమ్మ థర్మామీటరు పెట్టింది. ఇంకో ముగ్గురికి జ్వరం తేలింది. ముగ్గురూ దాచుకున్నవాళ్లే. ఒకత్తె వణుకుతూ కూడా, "నాకేటీ నేదండి, బాగున్నానండి" అంటోంది. వాళ్లు బతికారు. దేవుడి దయ. నా దయ కాదు.

ఇక్కడితో ఆపేస్తే నన్ను క్షమించేద్దురు మీరు. తెలీక జరిగింది పాపం అందురు. కానీ ఇంకా ఉంది.

సోమవారం సూపరింటెండెంటుగారు నన్ను ఆఫీసుగదికి పిలిచారు. ఆవిడ కళ్లు వాచిపోయి ఉన్నాయి. "కమిటీకి రిపోర్టు పంపాలమ్మా. పైనుంచి ఎంక్వయిరీ వస్తుంది. బోర్డింగు మూసేస్తే ఈ నూరుమందీ ఎక్కడికి పోతారు? అబద్ధం రాయొద్దు. కాని జాగ్రత్తగా రాయి" అన్నారు.

జాగ్రత్తగా రాశాను. సదరు విద్యార్థిని లోగడ లేని జ్వరం ఉన్నట్టు నటించి పట్టుబడిందనీ, ఈసారి ఉన్న అనారోగ్యాన్ని సిబ్బందికి తెలియనీయకుండా ఉద్దేశపూర్వకంగా దాచిందనీ, తెలిసిన వెంటనే ఆసుపత్రికి తరలించామనీ. దండ మాట రాయలేదు. ఎవరూ అడగలేదు. నా రిపోర్టులో ఒక్క అబద్ధం వెతికి చూపించండి! నలభైయేళ్లనుంచి వెతుకుతున్నాను, దొరకదు. అంత శుభ్రంగా రాశాను.

పెట్టె తీసుకెళ్లడానికి తల్లిదండ్రులు వచ్చినప్పుడు ఆ రిపోర్టు చదివి వినిపించి తండ్రిచేత వేలిముద్ర వేయించారు. "అంటే ఏటమ్మా?" అని తల్లి అడిగింది. సూపరింటెండెంటుగారు నెమ్మదిగా విడమర్చి చెప్పారు. "మీ అమ్మాయి అంతకుముందు ఒకసారి దొంగజ్వరం తెచ్చుకుందమ్మా. ఈసారి నిజం జ్వరం వస్తే చెప్పకుండా దాచుకుంది. చెప్పుంటే బతికేది." తల్లి నావైపు చూసింది, అవునా అన్నట్టు. నేను తలూపాను. తండ్రి పెట్టె నెత్తినెత్తుకున్నాడు. కొండ దిగేదాకా వాళ్లని కిటికీలోంచి చూశాను.

తరవాత నేను మారానండోయ్, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు. దండ మానేశాను. రోజూ పొద్దున్న ప్రతి పిల్ల నుదుటిమీదా చెయ్యివేసి చూసేదాన్ని. దొంగజ్వరం అని తెలిసినా మంచం వేసి పడుకోబెట్టి పాలు ఇచ్చేదాన్ని. తల్లిదండ్రులు ఏ ఆదివారం వచ్చినా గేటు తీయించేదాన్ని, సూపరింటెండెంటుగారు చూసీ చూడనట్టు ఊరుకునేవారు. పెద్దక్క మాత్రం నాతో మళ్లీ మాట్లాడలేదు. అడిగితే జవాబు చెప్పేది, అంతే. పదోక్లాసు పాసై వెళ్లేరోజున టీచర్లందరి దగ్గరా సెలవు తీసుకుంది. నా గదిముందునుంచి తలవంచుకుని వెళ్లిపోయింది. దానికి ఆ హక్కుంది.

కొన్నేళ్లు గడిచాయి. ఒక జూన్‌లో కొత్తపిల్లల్ని చేర్చుకుంటున్నాను. వరసలో ఒకావిడ, పక్కన ఎనిమిదేళ్ల పిల్ల. తలెత్తితే ఆ తల్లి! నా చేతిలో కలం ఆగిపోయింది.

"నువ్వా? ఇక్కడికెందుకొచ్చావమ్మా? ఇంకే బోర్డింగూ దొరకలేదా?" అన్నాను. కసిరినట్టే వచ్చింది మాట. నా నోరే అంత.

"ఎక్కడికెల్తామమ్మగోరూ? ఈల్ల నాన్న కాలు ఇరిగి షెడ్డులోనే పడున్నాడు. నాను పనిలోకెల్తే గుంటని సూసీవోల్లు నేరు. మొన్న పక్కషెడ్డు పిల్ల గోతిలో పడిపోనాది. ఇక్కడైతే మూడుపూటలా ఇంత తింటాది, సదువుకుంటాది."

నా కలం కదలకపోయేసరికి చేర్చుకోననుకుంది కాబోలు. వరస తప్పించుకుని బల్లమీదికి వంగి, పక్కవాళ్లకి వినపడకుండా గొంతు తగ్గించింది.

"పెద్దదానిలాగ కాదమ్మా ఇది. పెద్దది మిమ్మల్ని శానా ఇబ్బంది పెట్టీసినాది, తప్పయిపోనాది. దీనికి అబద్దాలాడ్డం రాదు. నాను బాగా సెప్పి తీసుకొచ్చినాను." పిల్లని ముందుకి నెట్టింది. "సెప్పవే అమ్మగోరికి."

ఆ పిల్ల చేతులు కట్టుకుని, పద్యం అప్పజెప్పినట్టు గబగబా అంది: "నాకు జొరం రాదండి. ఎప్పుడూ రాదండి."

మీ పెద్దమ్మాయి అబద్ధాలకోరు కాదమ్మా, తప్పు నాది అని అనాలి. ఒక్క ముక్క. వెనక ఇరవైమంది నిలబడున్నారు, సూపరింటెండెంటుగారు పక్కగదిలో ఉన్నారు. తల్లి రెండు చేతులూ జోడించి నావైపే చూస్తోంది, క్షమించమన్నట్టు.

నేను రిజిస్టరులోకి తలవంచుకుని, పిల్ల పేరు చెప్పమన్నాను.